పాత చీటీకి ట్రమడాల్ ఎందుకు ఇవ్వరు? మిగిలినవి ఏం చేయాలి?

నాన్నగారి మోకాలి ఆపరేషన్‌కి రాసిన చీటీ మళ్లీ తీసుకెళ్తే విశాఖలో మందుల షాపులో ట్రమడాల్ (గట్టి నొప్పి మాత్ర) ఇవ్వలేదని, ఎందుకని ఒకరు అడిగారు.

షాపాయనది మొండితనం కాదు. ట్రమడాల్, ఆల్ప్రజోలం, కోడీన్ షెడ్యూల్ హెచ్1 మందులు, అంటే డాక్టరు చీటీ ఉంటేనే లెక్క రాసి అమ్మాల్సిన జాబితాలోవి. డాక్టరు, రోగి వివరాలు, మందు పేరు, ఎన్ని ఇచ్చారో రిజిస్టరులో రాసి 3 ఏళ్లు ఉంచాలి. పైగా 2018 నుంచి ట్రమడాల్ మాదకద్రవ్యాల చట్టం కిందకీ వచ్చింది. మళ్లీ ఇవ్వొచ్చని డాక్టరు రాయకపోతే చీటీ ఒకసారికే చెల్లుతుంది. అందుకే మందు ఇచ్చాక దాని మీద షాపు పేరు, తేదీ వేయాలి. ఆ ముద్ర లేకపోతే అదే కాగితం జగదాంబ దగ్గర ఒకసారి, గాజువాకలో ఇంకోసారి చెల్లిపోతుంది.

మాత్రల సంఖ్య అక్షరాల్లో కూడా రాయించుకోండి. 10 పక్కన సున్నా చేర్చడం ఎంత పని!

ఇంట్లో ఫ్రిజ్ మీద డబ్బాలో కాదు, బీరువాలో తాళం వేసి పెట్టండి. స్ట్రిప్పు మీద తేదీ, మిగిలిన లెక్క రాయండి. నొప్పి అంటున్నారని పక్కింటివాళ్లకి ఇవ్వకండి: డిప్రెషన్ మందులు వాడేవాళ్లకి ట్రమడాల్‌తో ఫిట్స్ రావచ్చు.

నొప్పి తగ్గి ఇక అక్కర్లేదని డాక్టరు చెబితే, మిగిలిన ట్రమడాల్ స్ట్రిప్పులోంచి తీసి టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చేయండి. అన్ని మందులకీ ఇది పనికిరాదు, యాంటీబయాటిక్స్ అసలే వద్దు.