సంఘం రేటు, సంఘం ఉద్దెర

వర్తక సంఘాలు వ్యాపారానికి మేలు చేశాయా, లేక కలిసి ధరలు పెంచుకోవడానికే పుట్టాయా అని అడిగారు. హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్‌కు దగ్గర్లో, స్టీలు సామాన్లు కిలోల లెక్కన అమ్మే ఒక హోల్‌సేల్ కొట్టులో నాలుగేళ్లు గుమాస్తాగా చేశాను. అక్కడ చూసింది చెప్తాను.

ఒకసారి పెళ్లిళ్ల సీజన్ ముందు మా గల్లీ సేట్లంతా కూర్చుని, కిలో ఇంతకు తగ్గి అమ్మొద్దని మాట అనుకున్నారు. వారం కూడా నిలవలేదు. ముందు తప్పింది మా సేటే. బిల్లులో కట్టుబాటు రేటే వేయించాడు. సిద్దిపేట పార్టీకి సరుకు తూచేటప్పుడు మాత్రం కాటా వైపు చూసి, "యాభై రెండున్నరా? యాభై రాయి" అన్నాడు. ట్రాలీ కిరాయి కూడా మేమే ఇచ్చాం. ఎదురు కొట్టులోనూ ఇదే నడుస్తోందని ట్రాలీ డ్రైవరే నవ్వుతూ చెప్పాడు. చాటుగా తగ్గించినవాడికి గిరాకీ, మాట మీద ఉన్నవాడికి ఈగలు!

ఉద్దెర సంగతి వేరు. నల్గొండ వైపు దుకాణదారు ఒకాయన ఒక సేటుకు బాకీ ఎగ్గొడితే సాయంత్రానికల్లా గల్లీ అంతా తెలిసిపోయింది. ఆ బాకీ తీర్చేదాకా ఆయనకు ఎవరూ ఒక్క గ్లాసు కూడా ఉద్దెర ఇవ్వలేదు. ఈ కట్టుబాటును ఎవరూ తప్పలేదు. ఎందుకు తప్పుతారు? చాటుగా అప్పిస్తే మునిగేది ఇచ్చినవాడే కదా.

పాతకాలపు సంఘాల బలం కూడా ఇలాంటిదే. 1358లో హన్సా అనే వర్తక కూటమిగా ఏర్పడ్డ జర్మన్ నగరాల వర్తకులు ఫ్లాండర్స్‌తో (ఇప్పటి బెల్జియం వైపు ప్రాంతం) వ్యాపారం ఆపేసి, అక్కడివాళ్లు తమ హక్కులను ఒప్పుకున్నాకే 1360లో తిరిగొచ్చారు. ఒంటరి వర్తకుడు అలిగితే పట్టించుకునే రాజెవరు? మన మోటుపల్లి రేవులో మాత్రం కాకతీయ గణపతిదేవుడు తనే అభయశాసనం వేయించాడు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును లాక్కోబోమని, సుంకం తప్ప ఏమీ తీసుకోబోమని అందులో మాటిచ్చాడు.

అయితే బాకీ ఎగ్గొట్టినవాణ్ని ఆపిన కట్టుబాటే కొత్తవాణ్నీ ఆపుతుంది. నాతో పనిచేసిన గుమాస్తా ఒకతను సొంతంగా కొట్టు పెట్టి, కిలోకు రెండు రూపాయలు తగ్గించి అమ్మాడు. ఫ్యాక్టరీ వాళ్లు ఉద్దెరకు సరుకివ్వాలంటే గల్లీలో ఎవరైనా పూచీ ఉండాలన్నారు. ఒక్కరూ ముందుకు రాలేదు. కలిసి ధర కడితే 2002 నాటి కాంపిటీషన్ చట్టం కింద కేసు పెట్టొచ్చు. పూచీ ఇవ్వలేదని ఎవరి మీద పెడతాం? నా లెక్కలో రేటు మీటింగుల కంటే ఈ మౌనమే ఎక్కువ ప్రమాదం.

ఎనిమిది నెలలకు అతను కొట్టు మూశాడు. మిగిలిన సరుకు మా సేటే కొన్నాడు. ఆ రోజు కాటా దగ్గర నేనే ఉన్నాను. మొదటి మూట నలభై ఒకటిన్నర తూగింది. "నలభై రాయి" అన్నాడు సేటు.