కణాంతరమా, కణబాహ్యమా?

సందేహం: నేను అనంతపురంలో జీవశాస్త్రం బోధిస్తాను. కణజాలంలో కణాల చుట్టూ ఆధారంగా నిలిచే ప్రోటీన్ల అల్లికను ఒక విద్యార్థి ‘కణాంతర మాతృక’ అనీ, మరొకరు ‘కణబాహ్య మాత్రిక’ అనీ రాశారు. ఏది సరైనది? ఆ అల్లికలో ఉండే కొల్లాజెన్‌ను ‘జిగురు ప్రోటీన్’ అనవచ్చా?

సమాధానం: రెండో విద్యార్థి వైపే నేను. అలాగని ‘కణాంతర’ను తప్పని కొట్టేయలేం. ‘అంతరం’ అంటే నడిమి ఎడం కనుక కణాల నడుమ ఉన్నదనే అర్థం వస్తుంది. చిక్కల్లా దాని పక్కనే కాచుకుని ఉన్న ‘కణాంతర్గత’తో. అది కణం లోపలిది. పరీక్ష హడావిడిలో ‘ర’ కాస్తా ‘ర్గత’ అయిందంటే బయటి వస్తువు లోపలికి పోతుంది. పైగా దేశాంతరం, జన్మాంతరం అలవాటైన చెవికి ‘మరో కణం’ అని కూడా తోచవచ్చు. ఈ ప్రోటీన్లు కణంలో తయారైనా, బయటికి వచ్చాకే అల్లుకుంటాయి. కాబట్టి ‘కణబాహ్య’తో పేచీ లేదు.

‘మాతృక’ వాడిన పిల్లవాడిని మెచ్చుకోవాలి. ఇంగ్లిషు ‘మాట్రిక్స్’ (matrix) లాటిన్ మూలంలో తల్లి ఉన్న మాట నిజమే. కానీ తెలుగులో మాతృక అనగానే అనువాదానికి మూలమైన రచన గుర్తుకొస్తుంది. గణితంలో స్థిరపడిన ‘మాత్రిక’నే ఇక్కడా ఉంచండి.

‘జిగురు ప్రోటీన్’ మాత్రం వద్దు. కొల్లాజెన్ పేరులో జిగురుకు గ్రీకు మాట ఉంది, కాదనను. అయితే ఆ జిగురు ఉడికించాక వచ్చేది. మీకు దగ్గరలోనే, ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో, తోలుబొమ్మల కోసం మేకతోలును శుభ్రం చేసి, వెంట్రుకలు తీసి, బిగించి ఆరబెడతారు. అప్పుడు మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కొల్లాజెనే. చేత్తో పట్టి చూడండి: దీపపు వెలుగు ఇవతలికి వచ్చేంత పలచన, లాగినా చిరగనంత గట్టి. జిగురు జాడే ఉండదు. ఆ బలం మూడు పేటల తాడులా పేనుకున్న దాని నిర్మాణానిది. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954లో ప్రతిపాదించింది ఈ ముప్పేట నిర్మాణాన్నే. మేక కాళ్లను గంటల తరబడి ఉడికిస్తే పురి విడిపోయి అది జెలటిన్ అవుతుంది. పాయా తిన్న వేళ్లు అంటుకునేది అందుకే.

నిజానికి కణాలను ఈ అల్లికకు పట్టి ఉంచే పని ఫైబ్రోనెక్టిన్, లామినిన్ అనే ప్రోటీన్లది. జిగురు బిరుదు కొల్లాజెన్‌కు కట్టబెడితే వాటికి అన్యాయం. సాగి మళ్లీ యథాస్థితికి వచ్చే ఎలాస్టిన్‌తో సహా ఈ పేర్లన్నీ తెలుగు లిపిలో ఉన్నవి ఉన్నట్టు రాయించండి. ఎవరైనా ‘కొలాజెన్’ అని రాస్తే మార్కులు తగ్గించకండి.