పనివాళ్లు మనకంటే పెద్దవాళ్లైతే: జొన్న రొట్టెల కేంద్రంలో నా అనుభవం

మీ టైలరింగ్ షాపు ఇద్దరు పనివాళ్లతో మొదలై ఇప్పుడు ఆరుగురు అయ్యారని, వాళ్లలో వయసులో పెద్దవాళ్లు మాట వినడం లేదని, ఇలాగైతే షాపు పెంచేదెలా అని మీరు నన్ను అడిగారు. నేను మహబూబ్‌నగర్ మెట్టుగడ్డ దగ్గర పదకొండేళ్లుగా జొన్న రొట్టెల కేంద్రం నడుపుతున్నాను. ఈ అవస్థ నేనూ పడ్డాను.

మా దగ్గర తొమ్మిది మంది ఆడవాళ్లు. అందరిలో పెద్దది నాకు పెద్దమ్మ వరుస. నాకు రొట్టె కొట్టడం నేర్పింది ఆవిడే. కాగిన ఎసరు పిండిలో పోసి, చేయి చురుక్కుమంటుండగానే పిసకాలి. పీట మీద అరచేత్తో కొడుతూ తిప్పుతుంటే అంచు ఎక్కడా పగలకూడదు. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు, వేడినీళ్లతోనే జిగి వస్తుంది. పిండి పాతదైతే ఎంత చేయి తిరిగినవాళ్లు చేసినా విరుగుతుంది.

షుగర్ ఉన్నవాళ్లు మొదటి నుంచీ వచ్చేవాళ్లు. 2023ను చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించాక పెళ్లిళ్లకూ అడగడం మొదలైంది. ఒక రిసెప్షన్‌కు ఏడు వందల రొట్టెలు కావాలంటే, మావాళ్లను ఒక్క మాట అడగకుండా అడ్వాన్స్ తీసుకున్నాను. ఉన్నవి నాలుగు పొయ్యిలు. మధ్యాహ్నానికే అందరి భుజాలు పడిపోయాయి. తట్టల్లో ఆరబెట్టే టైం లేక వేడివేడిగానే కవర్లలో పెట్టేశాం. ఆవిరికి చెమట పట్టి కింది రొట్టెలన్నీ అతుక్కుపోయాయి. సగం డబ్బులే చేతికొచ్చాయి. ఆ కోపంలో పెద్దమ్మను అందరి ముందు "ఇన్నేళ్ల నుంచి చేస్తున్నావు, ఈ మాత్రం తెలియదా" అన్నాను. ఆవిడ మారు మాట్లాడలేదు. చేతులు కడుక్కొని, కొంగుతో తుడుచుకొని వెళ్లిపోయింది. తెల్లారి ఆవిడతో పాటు ఇంకో నలుగురు రాలేదు.

ఆ రాత్రి మా అమ్మ అంది, "మీ నాయనను బొంబాయిల గుంపు మేస్త్రీ ఇట్లనే అనేటోడు."

నాన్న ఏళ్ల తరబడి మేస్త్రీ వెంట బొంబాయి, పుణె పనులకు పోయాడు. పాలమూరు ఇళ్లకు ఇది కొత్త కాదు. అడ్వాన్స్ ఇచ్చి తీసుకుపోతారు. లెక్క మేస్త్రీ దగ్గరే ఉంటుంది. ఎంత పనికి ఎంత అడ్వాన్స్ తీరిందో కూలికి పోయినవాళ్లకు తెలియదు. పదిమందితో పని చేయించడమంటే చిన్నప్పటి నుంచి నేను విన్నది అదొక్కటే. రేటు నేనే మాట్లాడి, లెక్క నా దగ్గరే పెట్టుకొని, తప్పు మాత్రం వాళ్ల మీద వేశాను. నాకు నిద్ర పట్టలేదు.

పెద్దమ్మ ఇంటికి వెళ్లి తప్పు నాదేనని చెప్పాను. అరిచింది అందరి ముందు కాబట్టి, వాళ్లు పనికి వచ్చాక అందరి ముందూ మళ్లీ చెప్పాను.

అప్పటి నుంచి ఆర్డర్ పుస్తకం గోడకే వేలాడుతుంది. ఎన్ని రొట్టెలు, ఏ రేటు, జొన్నలకు, గ్యాస్‌కు ఎంత, నేను తీసుకునేది ఎంత, అన్నీ అందులో ఉంటాయి. చదవడం రానివాళ్లకు శనివారం చదివి చెప్తాను. లాభం చూస్తే కూలి పెంచమంటారని భయపడ్డాను. అడిగారు, పెంచాను. జొన్నల ఖర్చు చూసి, యాసంగి పంట కల్లంలో ఉన్నప్పుడే ఆరు నెలలకు కొనమని సలహా ఇచ్చింది కూడా వాళ్లే. ఇప్పుడు దేవరకద్ర వైపు రైతుల దగ్గర నేరుగా కొంటున్నాం. మీ దగ్గర కూడా పెద్దవాళ్లను ముందుగా అడిగి చూడండి, ఒక బ్లౌజుకు నిజంగా ఎంతసేపు పడుతుందో వాళ్లకే తెలుసు.

లోన్ గురించి కూడా అడిగారు. పిండి గిర్నీ పెట్టినప్పుడు మాకు పీఎంఎఫ్‌ఎంఈ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద 35 శాతం సబ్సిడీ వచ్చింది, కానీ అది తిండి పదార్థాల యూనిట్లకే. మీరు బ్యాంకులో చిన్న వ్యాపారాలకు ఇచ్చే ముద్రా లోన్ అడగండి. ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవడం, ఉచితం, ఎవరికీ డబ్బులు కట్టకండి.

మొన్న మాఘమాసంలో ఒకాయన వెయ్యి రొట్టెలు కావాలని ఫోన్ చేశాడు. ఆగమని చెప్పి పెద్దమ్మ వైపు చూశాను. పిండి చేయి ఎత్తి, "ఆరు నూర్లు. అవి గూడ పొద్దుగాల మొదలువెట్టాలె, ఆరవెట్టనీకి ఇంకిద్దరు ఉండాలె" అంది. ఆయనకు ఆరు వందలే ఇస్తామన్నాను. సరేనన్నాడు.