పెద్దకర్మ నాటి పాటల గురించి

ఒంగోలు

చిరంజీవికి పెదనాయన ఆశీస్సులు.

పెద్దకర్మ నాటి సాయంత్రం మన హార్మోనిస్టుకు పాటలతోనే వీడ్కోలు చెప్పాలని నాటక సమాజం వాళ్లంతా అనుకున్నారనీ, ఆ భారం నీమీద పెట్టారనీ రాశావు. నలభై ఏళ్లు అతని పెట్టె పక్కన నిలబడి పద్యాలు పాడినవాణ్ణి కనుక, నాకు తోచింది రాస్తున్నాను.

మొదట శ్రుతి సంగతి చూసుకో. కొన్నేళ్ల కిందట మరొక మిత్రుడి సంస్మరణ సభలో, వయసులో ఉన్నప్పటి శ్రుతిలోనే రాయబారం పద్యం ఎత్తుకుని, రెండో పాదానికే గొంతు పూడుకుపోయి, రాగం తీయవలసిన చోట నేను దగ్గుతూ నిలబడిపోయాను. ఏడుపు దిగమింగిన గొంతు పైస్థాయి అందుకోలేదు, హార్మోనియం మెట్టేమో మనకోసం వంగదు. గమకం, అంటే స్వరాన్ని ఊపి పాడే ఒయ్యారం, పలకదన్న ఆ లోపాన్ని ఎత్తిచూపే ఆలిండియా రేడియో 1940లో దానిని వెలివేసి, 1971 దాకా లోపలికి రానివ్వలేదు. ఆ మాట ఎత్తితే మనవాడికి ఎంత కోపం వచ్చేదో నీకు తెలుసు. కాబట్టి ఎవరు పాడినా వారి పాత శ్రుతికి రెండు మెట్లు తగ్గించి, ముందురోజే ఒకసారి పాడించి చూడు.

హరిశ్చంద్ర నాటకంలోని కాటి సీను పద్యాలు పెట్టవద్దు. సందర్భానికి సరిపోతాయని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. కానీ అతని ఇల్లాలు ముందు వరుసలో కూర్చుని ఉంటుంది, పైగా ఆ పద్యాలకు మన జనం వన్స్‌మోర్ అనకుండా ఉండలేరు. వాటికి బదులు రామాలయంలో ధనుర్మాసం భజనల్లో అతను వాయించిన కీర్తనలు రెండు తీసుకో. త్యాగయ్య పెద్దలది మన కాకర్ల ఊరేనని ప్రతి ఏడూ కొత్తగా చెప్పేవాడు కదా, అందులో ఒకటి త్యాగయ్యదే కానివ్వు. మొత్తం మీద అయిదారు పాటలు చాలు. సినిమా ట్రాకులు పెట్టి పాడతామన్న వాళ్లకు మర్యాదగా వద్దని చెప్పు.

పాడేవారు ఒక్కొక్కరూ పాటకు ముందు ఒక్క రాత్రి సంగతి చెప్పాలి, అంతకు మించి ఉపన్యాసం వద్దు. నేనైతే కందుకూరు దగ్గర ఒక ఊళ్లో కరెంటు పోయిన రాత్రి చెబుతాను. జనం లేచిపోతారని మేము తెర వెనక కంగారు పడుతుంటే, అతను చీకట్లోనే తిత్తి ఊదుతూ, దీపాలు వచ్చేదాకా మోహన రాగం ఆపలేదు.

సభ మొదట్లో సన్నాయి పెట్టాలన్న నీ ఆలోచన బాగుంది. షేక్ చినమౌలానా పుట్టిన కరవది మనకు కూతవేటు దూరమే, ఆయన కచేరీ రికార్డులు వింటూ అతను అన్నం మరిచిపోయేవాడు. అయితే మంగళవాద్యం ఇప్పుడేమిటని పెద్దలు అనవచ్చు. అతని అన్నగారిని ముందే అడుగు. వద్దంటే వాదించకుండా మానుకో.

హార్మోనియాన్ని దండ వేసి బల్లమీద పెట్టకుండా, అతని శిష్యుడి చేత వాయించు. మూత లోపల పెన్సిలుతో మా అందరి శ్రుతులూ రాసి ఉంటాయి. నా పేరుకు ఎదురుగా అయిదు అని ఉంటుంది. అది చెరపకుండా, పక్కన మూడు అని రాసుకో.

ఇట్లు,
పెదనాయన