చైనా సముద్రపు దొంగల నౌకలను బ్రిటిష్ నేవీ ఎలా ఎదుర్కొంది?

ప్రధానంగా స్టీమర్లతో, అంటే ఆవిరి నౌకలతో. దొంగల జంకులు (చైనా తెరచాప ఓడలు) లోతు తక్కువ నదీ పాయల్లోకి జారుకునేవి, పెద్ద తెరచాప యుద్ధనౌకలు అక్కడికి పోలేవు. 1849 అక్టోబరులో షాప్ ఎన్‌జీ సాయ్ అనే దొంగల నాయకుడి ముఠా మీదికి కొలంబైన్ నౌకతో పాటు ఫ్యూరీ, ఫ్లెగెథాన్ అనే స్టీమర్లు వెళ్లాయి. ఫ్లెగెథాన్ ఈస్టిండియా కంపెనీది. అప్పట్లో చైనాను పాలిస్తున్న చింగ్ వంశపు అధికారులూ సాయపడ్డారు. నేటి వియత్నాంలోని టాంకిన్ నది ముఖద్వారం దగ్గర 58 జంకులు ధ్వంసమయ్యాయి, సుమారు 1,800 మంది చనిపోయారు. నాయకుడు మాత్రం తప్పించుకుని, తర్వాత చింగ్ ప్రభుత్వం నుంచి క్షమాభిక్షతో పాటు ఉద్యోగమూ పొందాడు.

నన్ను కలచివేసేది తలకింత అని నావికులకు ఇచ్చిన బహుమతి. 1825 బ్రిటిష్ చట్టం ప్రకారం చంపినా, పట్టుకున్నా ఒక్కో దొంగకు 20 పౌండ్లు! జాలరి ఎవరో దొంగ ఎవరో తేల్చడం కష్టమైన చోట ఇది చాలా ప్రమాదకరం. 1850లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. బ్రిటన్, చైనాల మధ్య కుదిరిన 1858 తియాన్‌జిన్ ఒప్పందంతో, దొంగలను తరిమే బ్రిటిష్ యుద్ధనౌకలకు చైనా రేవులన్నిటిలోకీ ప్రవేశం దొరికింది.