ప్రయాణ సందేహాలు: ఒక్క రోజులో ప్రాగ్

ప్రశ్న: ప్రాగ్‌లో మాకు ఉన్నది ఒక్క రోజే. కోట, చార్లెస్ వంతెన, పాత పట్నం చూడాలని ఉంది. మా అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. ఎటు నుంచి మొదలుపెడితే మేలు?

జవాబు: కోట నుంచి. చాలామంది పాత పట్నం కూడలిలో మొదలుపెట్టి, వంతెన దాటి, మధ్యాహ్నానికి కోట కింద నిలబడి పైకి చూస్తారు. అప్పటికే కాళ్ళు లాగుతుంటాయి, ఎదురుగా మెట్లు.

ఉదయం ఎనిమిదిన్నరకల్లా నారోద్నీ త్రీదా దగ్గర 22వ నంబరు ట్రామ్ ఎక్కండి. దారిలో మలోస్ట్రాన్‌స్కా స్టాపు వస్తుంది. పైన కోట కనిపిస్తుంది కాబట్టి సగం బండి అక్కడే దిగిపోతుంది. మీరు దిగకండి. ట్రామ్ గుట్ట చుట్టూ తిరిగి పైకి ఎక్కాక ‘ప్రాజ్‌స్కీ హ్రాద్’ స్టాపు వస్తుంది. అక్కడ దిగితే దాదాపు చదునైన దారిలో కొద్ది నిమిషాల నడకతో కోట రెండో ప్రాంగణంలో ఉంటారు.

ప్రాంగణాల్లో తిరగడానికి డబ్బు కట్టక్కర్లేదు. సెయింట్ వైటస్ కెథడ్రల్, పాత రాజభవనం, సెయింట్ జార్జ్ బసిలికా, గోల్డెన్ లేన్ కలిపి ఒక టికెట్టు ఉంది. వరసగా రెండు రోజులు చెల్లుతుంది కానీ ఒక్కో చోటికి ఒక్కసారే ప్రవేశం. తొమ్మిదికి తలుపులు తీస్తారు. ముందు కెథడ్రల్‌కే వెళ్ళండి, పది దాటితే క్యూ పెరుగుతుంది. దాని దక్షిణ గోపురానికి 287 మెట్లు, లిఫ్టు లేదు. అమ్మగారితో అయితే ఆ ఆలోచనే వద్దు.

చూడటం అయ్యాక తూర్పు ద్వారం బయట ఉన్న పాత కోట మెట్లు దిగమని అందరూ చెబుతారు. మోకాళ్ళు బాగుంటే అందమైన దారే. నొప్పి ఉన్నవాళ్ళకు ఎక్కడం కన్నా దిగడమే కష్టం. అందుకని వచ్చిన దారినే ట్రామ్ స్టాపుకు వెళ్ళి, అదే 22 ఎక్కి మలోస్ట్రాన్‌స్కె నామ్యెస్తీ దగ్గర దిగండి. అక్కణ్ణుంచి మోస్టెట్స్‌కా వీధి నేరుగా వంతెనకు తీసుకెళ్తుంది. వంతెన పొడవు 516 మీటర్లు, వాహనాలు రావు. 30 విగ్రహాలున్నాయి, చాలావరకు నకళ్ళే. అసలువి భద్రంగా వేరేచోట పెట్టారు. కోట వైపు నుంచి నడుస్తుంటే ఎడమ వరసలో 1683 నాటి కంచు విగ్రహం, యాన్ నెపోముక్ అనే క్రైస్తవ సెయింటుది, వస్తుంది. పీఠం మీది రెండు ఫలకాలు జనం చేతులు తగిలి తగిలి బంగారంలా మెరుస్తుంటాయి. తాకేవాళ్ళ కోసం అక్కడా చిన్న క్యూ ఉంటుంది.

చెప్పుల సంగతి మరిచిపోవద్దు. ఊరంతా రాతి దిమ్మెల బాటలే, వాన పడితే జారతాయి. రబ్బరు అడుగున్న బూట్లు తప్ప మరేవీ పనికిరావు.

ప్రశ్న: గైడును రోజంతా పెట్టుకోవాలా? ‘ఫ్రీ టూర్’ సరిపోదా?

జవాబు: కోటకు మాత్రం గైడు కావాలి. మిగతా రోజు మీరే తిరగొచ్చు. మూడు, నాలుగు గంటలకు మాట్లాడుకుంటే చాలు.

కెథడ్రల్‌నే తీసుకోండి. 1344లో మొదలైంది. హుస్సైట్ యుద్ధాలతో (15వ శతాబ్దపు మత యుద్ధాలు) పని ఆగింది, 1873లో మళ్ళీ ఊపందుకుంది, 1929లో పూర్తయింది. పడమటి తలుపులోంచి లోపలికి వెళ్ళినవాళ్ళు ముందు నిలబడేది కొత్త సగంలో. 14వ శతాబ్దంలో పీటర్ పార్లెర్ కట్టిన సగం ఎదురుగా, బలిపీఠం వైపు ఉంటుంది. చూపించేవాళ్ళు లేకపోతే అంతా ఒకే కాలం కట్టడమనుకుని వచ్చేస్తారు. ఎడమ పక్క మూడో చాపెల్‌లో (చిన్న ప్రార్థన గది) చెక్ చిత్రకారుడు ఆల్ఫాన్స్ ముఖా గీసిన రంగుల కిటికీ ఉంది. అడుగున స్లావియా బ్యాంకు పేరు చూడండి. ఖర్చు పెట్టుకున్నది వాళ్ళే! పాత రాజభవనంలో 1618లో ముగ్గురిని కిటికీలోంచి బయటికి విసిరేశారు. ముగ్గురూ బతికారు గానీ, ముప్ఫై ఏళ్ళ యుద్ధానికి నాంది అదే. ఆ గది మామూలుగా ఉంటుంది, చెప్పేవాళ్ళుంటేనే విలువ తెలుస్తుంది.

‘ఫ్రీ టూర్’ అంటే చివర్లో మీ ఇష్టం కొద్దీ ఇచ్చే టిప్పు మీద నడిచేది. గుంపు పెద్దది, సాధారణంగా టికెట్టు ఉన్న భవనాల్లోకి వెళ్ళరు. పాత పట్నం వీధులకు బాగానే ఉంటుంది. డబ్బు పెట్టి గైడును మాట్లాడుకుంటే మూడు విషయాలు రాతలో తీసుకోండి: టికెట్లు రుసుములో కలిసే ఉన్నాయా, ఏయే భవనాల లోపలికి వస్తారు, కలుసుకునే చోటు ఏది. పాత పట్నం కూడలిలోని ఖగోళ ‘గడియారం కింద’ అంటే ఒప్పుకోవద్దు. గంట కొట్టే వేళకు అక్కడ మనిషిని మనిషి గుర్తుపట్టలేడు. కూడలి మధ్యలో ఉన్న యాన్ హుస్ విగ్రహం దగ్గర అనండి.

ప్రశ్న: ఖగోళ గడియారం చూసినవాళ్ళు ‘ఇంతేనా’ అంటున్నారు. నిజమేనా?

జవాబు: బొమ్మల ఊరేగింపు మాత్రమే చూస్తే అంతే. ఉదయం తొమ్మిది నుంచి రాత్రి పదకొండు వరకు ప్రతి గంటకూ జరుగుతుంది, నిమిషం కూడా పట్టదు. అస్థిపంజరం తాడు లాగి గంట కొడుతుంది, పై రెండు కిటికీల్లో అపోస్తలులు (ఏసు శిష్యులు) తిరుగుతారు, చివర కోడి కూస్తుంది. అందరి తలలూ పైకి ఉన్న ఆ నిమిషమే జేబుదొంగలకు పండగ. బ్యాగు ముందుకు తిప్పుకోండి.

అసలు చూడాల్సింది డయల్. అది 1410 నాటిది. గంట కొట్టేసి జనం చెదిరాక దగ్గరికి వెళ్ళండి. రోమన్ అంకెల మీద బంగారు చేయి చూపేది మనకు తెలిసిన సమయం. బయటి నల్ల వలయం మీద 1 నుంచి 24 వరకు ఉన్న అంకెలు పాత చెక్ గంటలు, సూర్యాస్తమయం నుంచి లెక్క. అస్తమయం వేళ రోజూ మారుతుంది కాబట్టి ఆ వలయం కూడా ఏడాది పొడవునా అటూ ఇటూ జరుగుతుంది. చంద్రుడు సగం వెండి, సగం నలుపు ఉన్న చిన్న గోళం. అది తిరుగుతూ ఆ రోజు చంద్రకళను చూపిస్తుంది. సూర్యుడి బొమ్మ నీలం మీద ఉంటే పగలు, నలుపు మీదికి వస్తే రాత్రి.

హనుష్ అనే పనివాడు దీన్ని చేశాడనీ, మరోటి చేయకుండా అతని కళ్ళు పొడిచారనీ గైడులు ఇప్పటికీ చెబుతుంటారు. కట్టుకథ. చేసింది కదాన్ ఊరి మికులాష్. ఇక అపోస్తలుల పాత బొమ్మలు 1945 మే నెలలో మంటల్లో పోయాయి, ఇప్పుడున్నవి ఆ తర్వాత చెక్కినవి. గడియారం ఉన్న పాత టౌన్ హాలు గోపురానికి లిఫ్టు ఉంది. అమ్మగారు పైనుంచి ఊరంతా చూడొచ్చు.

ప్రశ్న: మేము శని, ఆదివారాలు ఉంటాం. యూదుల పేట ఎప్పుడు చూడాలి?

జవాబు: ఆదివారం. యూదుల మ్యూజియం భవనాలు శనివారాల్లోనూ, యూదుల పండగల్లోనూ మూసేస్తారు. కెథడ్రల్‌ది దీనికి పూర్తిగా వ్యతిరేకం: ఆదివారం ఉదయం ప్రార్థనలకే, సందర్శకులకు మధ్యాహ్నం నుంచి. కాబట్టి శనివారం కోట, ఆదివారం ఉదయం యూదుల పేట. పింకాస్ సినగాగ్ (యూదుల ప్రార్థన మందిరం) గోడల నిండా నాజీలు చంపిన దాదాపు 80,000 మంది పేర్లు చేత్తో రాసి ఉన్నాయి. దానికి తొందర పనికిరాదు. మగవాళ్ళు తల కప్పుకోవాలి.

ప్రశ్న: యూరోలు సరిపోతాయా?

జవాబు: అక్కడ చెలామణి చెక్ కొరునా. కొన్ని దుకాణాలు యూరోలు తీసుకుంటాయి, లెక్క వాళ్ళకు నచ్చినట్టు వేస్తారు. కార్డు గీసేటప్పుడో ఏటీఎంలోనో ‘మీ కరెన్సీలోకి మార్చమంటారా’ అని అడిగితే వద్దనండి, కొరునాల్లోనే కట్టండి. నోట్లు మార్చే దుకాణంలో ‘కమిషన్ లేదు’ అన్న బోర్డు చూసి మురిసిపోకండి. దెబ్బ రేటులో ఉంటుంది. ‘ఇంత ఇస్తే చేతికి ఎన్ని కొరునాలు వస్తాయి’ అని ముందే అడగండి. మోసపోయామనిపిస్తే 1,000 యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోగా రద్దు చేసుకునే హక్కు 2019 నుంచి చట్టంలో ఉంది. రసీదు పారేయకుండా ఉంచుకుంటే చాలు.

కాగితపు ట్రామ్ టికెట్టు కొంటే, ఎక్కగానే పసుపుపచ్చ పెట్టెలో పెట్టి ముద్ర వేయించాలి. మెట్రోకైతే లోపలికి వెళ్ళే దారిలోనే ఆ పెట్టె ఉంటుంది. ముద్ర లేని టికెట్టు చేతిలో ఉన్నా లేనట్టే లెక్క. మామూలు దుస్తుల్లో వచ్చే తనిఖీదార్లు పర్యాటకులని వదిలిపెట్టరు, అక్కడికక్కడే జరిమానా కట్టిస్తారు.