‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బిల్లుపై ఉంటే హక్కు పోతుందా?

ప్రశ్న: మాది అనంతపురం. పన్నెండు రోజుల క్రితం ఇక్కడి ఒక దుకాణంలో మూడు ప్లాస్టిక్ డబ్బాల సెట్టు కొన్నాను. మూతలపై ‘మైక్రోవేవ్ సేఫ్’ అని ఉంది. ఒకదానిలో పప్పు రెండు నిమిషాలు వేడి చేసేసరికి అడుగు వంకరపోయి ఘాటు వాసన వచ్చింది. పప్పు పారబోశాం. డబ్బు తిరిగి అడిగితే, ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బిల్లు కింద ఉన్న వాక్యం చూపిస్తున్నారు. డబ్బాలపైన గానీ, ప్యాకెట్టుపైన గానీ తయారీదారు పేరు లేదు. నేనేం చేయాలి?

జవాబు: ఆ వాక్యం మీ హక్కును తీసివేయలేదు. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజులలోగా వెనక్కి తీసుకుని డబ్బు చెల్లించడానికి నిరాకరించడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతిగా నిర్వచించింది. మీకు ఇంకా 18 రోజులున్నాయి కనుక, జరిగింది వివరిస్తూ ఈ వారంలోనే దుకాణదారుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి.

మీ బలమంతా మూతపై ఉన్న ఆ రెండు మాటల్లోనే ఉంది. ‘ఫుడ్ గ్రేడ్’ అని మాత్రమే ఉండి ఉంటే, అది ఆహారం నిల్వకే గానీ వేడి చేయడానికి కాదని, మీరే దుర్వినియోగం చేశారని అవతలి పక్షం వాదించగలిగేది. అడుగున త్రికోణంలో ఉండే అంకె కూడా ప్లాస్టిక్ రకాన్నే చెబుతుంది. 5 అంటే పాలీప్రొపిలీన్ అని అర్థమే తప్ప, ఎంత వేడికైనా తట్టుకుంటుందన్న హామీ కాదు. నూనె తాలింపు ఎక్కువగా ఉన్న కూర నీటి కంటే ఎక్కువ వేడెక్కుతుంది కనుక, మీరే అతిగా వేడి చేశారన్న వాదన ఎలాగూ వస్తుంది. ఎంతసేపు, ఏ పవర్‌లో పెట్టారో మరచిపోకముందే రాసిపెట్టుకోండి.

పాడైన డబ్బాను తోమవద్దు, రాతపూర్వక రసీదు లేకుండా దుకాణానికి అప్పగించవద్దు. మిగిలిన రెండింటినీ వాడకుండా దాచండి. మీరు ఫిర్యాదు వేస్తే, సెక్షన్ 38 కింద వినియోగదారుల కమిషన్ నమూనాకు సీలు వేసి ప్రయోగశాలకు పంపవచ్చు. ఆ పరీక్ష ఫీజు మీరే జమ చేయవలసి రావచ్చు గానీ, వాడని డబ్బా కంటే మంచి నమూనా ఉండదని నా అభిప్రాయం.

తయారీదారు ఎవరో తెలియకపోతే, ఆ వస్తువు వల్ల కలిగిన హానికి అమ్మినవారే బాధ్యులని సెక్షన్ 86 చెబుతోంది. అయితే మీ ఇంట్లో ఎవరూ జబ్బు పడలేదు కనుక, ఆరోగ్య నష్టం పేరిట లక్షలు అడగమని నేను చెప్పను. డబ్బాల ధర, ఖర్చులు, న్యాయమైన పరిహారం కోరండి. ప్యాకెట్టుపై పేరు, చిరునామా లేకపోవడంపై తూనికలు కొలతల శాఖకు విడిగా ఫిర్యాదు చేయవచ్చు.

నోటీసుకు జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, లేదా అనంతపురంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. కొన్న ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు, గడువు 2 ఏళ్లు. అంతవరకు అన్నం, కూరలు స్టీలు గిన్నెలో పొయ్యి మీదనో, ఓవెన్‌కు పనికివచ్చే గాజు పాత్రలోనో వేడి చేసుకోండి.